జూన్ ఎనభై ఒకటి

జూన్ ముప్పై తర్వాత జూలై ఒకటి వస్తుందని నూకరత్నం నలభై నాలుగేళ్ళుగా నమ్ముతూ వచ్చింది. ఆ నమ్మకానికి ఆధారమేమిటని ఆమెను ఎవరూ అడగలేదు. తాటి ఉత్పత్తుల వికాస మండలివారు అడిగారు.

మండలి అంటే పేరు పెద్దదేగాని, కాలవగట్టు మీద ఒక రేకుల షెడ్డు, దాన్ని ఆనుకుని ఒక డాబా. షెడ్డులో నలభై రెండు మంది కాంట్రాక్టు పనివాళ్ళు. ఎక్కువమంది ఆడవాళ్ళే. తాటిబెల్లం అచ్చులు ఏరడం, తాటాకు బుట్టలు అల్లడం, చీపుళ్ళు కట్టడం, అన్నీ అట్టపెట్టెల్లో సర్దడం వాళ్ళ పని. డాబాలో కార్యనిర్వాహక సంచాలకులు విశ్వపతిగారు, లెక్కల అధికారి లింగమూర్తిగారు, ఒక ఏసీ మిషను ఉంటారు. రెంటికీ మధ్య వసారాలో ఒక బల్ల వేసుకుని నూకరత్నం.

ఆమె పని హాజరుపట్టీ. పొద్దున అందరిచేతా సంతకాలు పెట్టించాలి. సాయంత్రం సంచాలకులవారిచేత కింద 'సరిచూడబడినది' అని సంతకం చేయించాలి. నెలాఖరున పట్టీ కూడి జీతాల బిల్లు రాయాలి. పదకొండేళ్ళుగా రాస్తోంది. ఆమె కూడా ఆ నలభై రెండు మందిలోదే. అందరితోపాటు ఆమెకూ పదమూడు వేలు. మొగుడు చిట్టబ్బాయి పెళ్ళిళ్ళకు వంటమేస్త్రీ. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు. ఈ ఏడు శ్రావణంలోనూ మూఢమొచ్చి కూర్చుంది. అంచేత ఆ పదమూడు వేలే ఇంటికి దూలం, వాసం, పెంకూ అన్నీ.

ఆ ఏడు పైనుంచి ఒక కొత్త ఉత్సాహం దిగింది. దాని పేరు 'సకాల వేతన సంవత్సరం'. నెల ముగిసిన ఏడు రోజుల్లోగా జీతాలివ్వాలని చట్టముంది గనక, అలా ఇచ్చే సంస్థలకు మార్కులు, మార్కుల్ని బట్టి ర్యాంకు, మొదటి ర్యాంకుకు వెండి డాలు. దీన్ని ప్రచారం చెయ్యమన్నారు. మండలివారు బ్యానర్లు కట్టించారు, కరపత్రాలు పంచారు, ప్రతిజ్ఞ చేయించారు, టోపీలు కొని ఊళ్ళో నడక పెట్టించారు. నడకలో షెడ్డువాళ్ళందరూ నడిచారు. జూన్ నెల జీతాల సొమ్ము వీటన్నిటికీ సరిగ్గా సరిపోయింది.

జూలై ఏడో తారీఖు పొద్దున షెడ్డంతా నోటీసు బోర్డు దగ్గర మూగింది. నూకరత్నం పైకి చదివింది.

"విషయం: వేతన మాసము ముగింపు, స్పష్టీకరణ. వేతన మాసము ముగిసిన ఏడు దినములలోగా వేతనములు చెల్లించవలెనని చట్టము నిర్దేశించుచున్నది. అయితే వేతన మాసము ఎప్పుడు ముగియునో నిర్ణయించు అధికారము కార్యాలయాధిపతికి దఖలు పడియున్నదని భావించడమైనది. నిధుల లభ్యత దృష్ట్యా జూన్ మాసము తదుపరి ఉత్తర్వులు వెలువడునంతవరకు కొనసాగును. సిబ్బంది గమనించి సహకరించవలెను."

కింద సంతకం. సంతకం కింద తేదీ: జూన్ 37.

బుల్లెమ్మ బెల్లం ఏరే చోట పెద్ద దిక్కు. నోరున్న మనిషి.

"అంటే ఏంటే రత్నం? జీతం లేదనా?"

"ఉందక్కా. నెలే అవ్వలేదంట."

"అవ్వకపోవడవేంటి? నిన్న మా మనవరాలికి మూడో నెల వెళ్ళి నాలుగోది పెట్టింది. పొట్ట చూసి చెప్పమంటావా?"

నూకరత్నం నోటీసు పట్టుకుని లోపలికి వెళ్ళింది. విశ్వపతిగారు చదువుకున్న మనిషి. ఎవరిమీదా గొంతు పెంచరు.

"చూడమ్మా, జీతం ఆలస్యం చెయ్యడం నేరం. నా హయాంలో ఆ నేరం జరగనివ్వను. ఆలస్యం కాకుండా ఉండాలంటే రెండే మార్గాలు. ఒకటి, జీతం తొందరగా రావాలి. అది మన చేతుల్లో లేదు. రెండు, నెల నెమ్మదిగా వెళ్ళాలి. అది మన చేతుల్లో ఉంది."

"మరి జూలై ఎప్పుడొస్తుందండీ?"

"జీతాలు వచ్చిన మర్నాడు. చట్టాన్ని ఇంత నిష్ఠగా పాటించే కార్యాలయం రాష్ట్రంలో ఇంకోటి లేదు."

బల్ల మీద ఆయన క్యాలెండరు జూలై చూపిస్తోంది. నూకరత్నం దానివైపు చూడ్డం లింగమూర్తిగారు గమనించారు.

"అధికారుల జీతాలు వేరే పద్దు," అన్నారు దగ్గి. "ఆ పద్దులో జూలై వచ్చేసింది."

ఆ రోజునుంచి మండలిలో గడప ఇవతల జూన్, అవతల జూలై. ఫైలు పట్టుకుని నూకరత్నం లేచినప్పుడల్లా బుల్లెమ్మ హెచ్చరించేది: "మెల్లగా వెళ్ళవే. గడప దాటితే నెల వయసు మీద పడుద్ది."

హాజరుపట్టీతో మరో చిక్కు వచ్చింది. అచ్చు పట్టీలో ముప్పై ఒక్క గడులే ఉంటాయి. బిల్లు పాసవకుండా కొత్త నెల పేజీ తెరవకూడదని మండలి ఏర్పడ్డప్పటినుంచీ నియమం. ముప్పై రెండో తారీఖుకు నూకరత్నం ఇంకో కాగితం మైదా జిగురుతో అతికించింది. నలభయ్యోదానికి ఇంకోటి. యాభై వచ్చేసరికి పట్టీ బల్ల దిగి వసారాలోకి నడిచింది. దాన్ని మడవకూడదు, సంతకాలు చెరుగుతాయని లింగమూర్తిగారి ఆజ్ఞ. పొద్దున్నే ఆమె దాన్ని తుంగచాపలా పరిచేది. పనివాళ్ళు ఒకవైపు తమ పేరు వెతుక్కుని, వేలు పెట్టుకుని, ఆ గీత వెంబడే వంగి నడుచుకుంటూ రెండోవైపు వెళ్ళి సంతకం పెట్టేవారు. చూపు ఆననివాళ్ళు దారిలో గీత తప్పి పక్కవాళ్ళ గడిలో తేలేవారు.

బుల్లెమ్మకు జ్వరమొచ్చింది. సెలవు అడిగింది.

"నెలకు ఒక సెలవు. మీరు జూన్ నాలుగున వాడేసుకున్నారు," అన్నారు లింగమూర్తిగారు. "జూలైలో పెట్టుకోండి."

"జూలై వచ్చేదాకా జ్వరాన్ని ఆగమంటారా బాబూ?"

"విజ్ఞప్తి చేసుకోండి. పరిశీలిస్తాం."

ఇంట్లో మాత్రం నెలలు వాటి మానాన అవి వెళ్ళిపోతూనే ఉన్నాయి. ఇంటావిడ సూరాయమ్మగారు మూడు వాటాలు అద్దెకిచ్చుకుని బతికే మనిషి. ఒకటో తారీఖున ఆ నెల అద్దె ముందుగా నాలుగు వేలు చేతిలో పెట్టాలి. మే జీతంతో జూన్ అద్దె ఇచ్చారు. తర్వాత పైసా లేదు. జూలై మూడో వారంలో ఆవిడ గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది.

"జూన్ అద్దె ఇచ్చేశాను కదా పిన్నిగారూ," అంది నూకరత్నం. ఆఫీసు గాలి ఇంటిదాకా వచ్చిందని అప్పటికామెకు తెలీదు. "మా దగ్గర ఇంకా జూనే నడుస్తోంది."

సూరాయమ్మగారు ఆమెను పైనుంచి కిందికి చూసింది. "ఒంట్లో బాగుందా?"

నూకరత్నం సర్క్యులర్ సంగతి చెప్పింది. ఆవిడ శ్రద్ధగా విని, మధ్యలో ఒకటి రెండు సందేహాలు కూడా అడిగి తెలుసుకుంది.

"మీ సారెవరోగానీ గట్టివాడే. అయితే విను. జూన్ నెలలో మన బావిలో నీళ్ళుండవు, తెలుసుగా. నీకు జూనే గనక నువ్వు నీళ్ళు తోడకు. మిగతా రెండు వాటాలవాళ్ళూ జూలైలో ఉన్నారు, వాళ్ళు తోడుకుంటారు."

మర్నాటినుంచి బావి చేద ఆవిడ గదిలోకి వెళ్ళిపోయింది. నూకరత్నం వీధి చివర కుళాయికి బిందె పట్టుకెళ్ళడం మొదలుపెట్టింది.

ఇక ఇలా కాదని ఆమె కార్మిక శాఖకు ఫిర్యాదు రాసింది. నలభై రెండు మందీ సంతకాలు పెట్టారు. ఎనిమిదో రోజున ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. ముందు డాబాలో కాఫీ తాగి, తర్వాత వసారాలోకి వచ్చి, పరిచి ఉన్న పట్టీని తొక్కకుండా గోడవారగా నడిచి, నూకరత్నం ఎదుట కూర్చున్నారు.

"ఫిర్యాదు మీదేనా? దీని మీద జూలై ఇరవై అని ఉందే?"

"అవునండి. ఆ రోజే రాశాం."

"ఈ ఆవరణలో జూలై అమల్లో లేదమ్మా. లేని తేదీన వేసిన ఫిర్యాదును నేనెలా విచారించను? తేదీ సరిచెయ్యండి."

నూకరత్నం అది కొట్టేసి, ఆ రోజు లెక్కన 'జూన్ 58' అని రాసి ఇచ్చింది. ఆయన మళ్ళీ కళ్ళజోడు పెట్టుకున్నారు.

"జూన్ యాభై ఎనిమిది. అంటే జూన్ ముగియలేదని మీరే ఒప్పుకుంటున్నారు. ముగియని నెలకు జీతం ఆలస్యమైందంటే ఎలా? ఇది అపరిపక్వమైన ఫిర్యాదు."

"మరి ముగిశాక ఇవ్వొచ్చాండీ?"

"ముగిస్తే జీతం ఇచ్చే ఉంటారు కదా. అప్పుడు ఫిర్యాదెందుకు?"

ఇన్‌స్పెక్టరుగారు తనిఖీ పుస్తకంలో 'ఆలస్యం: లేదు. హాజరుపట్టీ నిర్వహణ: ప్రశంసనీయం' అని రాశారు. వెళ్ళేటప్పుడు రెండు కిలోల తాటిబెల్లం ఆయన జీపెక్కింది.

ఆ పుస్తకం చూసుకుని విశ్వపతిగారికి ధైర్యం వచ్చింది. అసలే ఆ వారంలో పైనుంచి జీతాల నిధులు కూడా దిగాయి. ఆయన ఆ పూటే జూన్‌ను ముగించేసేవారేమో. లింగమూర్తిగారు ఆపారు.

"ఒక్క మనవి సార్. నెల జీతం పదమూడు వేలు. జూన్ నలభైకి ముగిసినా అంతే, డెబ్భైకి ముగిసినా అంతే. నెల ఎంత పొడుగైతే మనకు రోజుకు అంత చవక."

విశ్వపతిగారు కలం తీసి ఆ మాట రాసుకున్నారు. "ఇది పొదుపు చర్య అవుతుంది కదూ?"

"విప్లవాత్మక పొదుపు సార్. డిసెంబరు దాకా లాగితే ఆరు జీతాలు మిగులు. నిధులు బ్యాంకులో వేస్తే వడ్డీ."

మర్నాడు షెడ్డులో సభ పెట్టారు. మండలి ఆలస్యం లేని సంస్థగా జిల్లాలో మొదటి స్థానానికి చేరిందనీ, హాజరుపట్టీ నకలు రోజువారీ సంతకాలతో సహా డాలు పోటీకి రాజధానికి పంపామనీ చెప్పారు. చప్పట్లు కొట్టాక బుల్లెమ్మ లేచింది.

"అయ్యా, జూన్ ఎప్పుడయినా అయిపోద్ది కదండీ. అప్పుడు రెండు నెలలదీ కలిపిస్తారా, విడివిడిగానాండీ?"

"రెండు నెలలేమిటమ్మా?" విశ్వపతిగారు చిరునవ్వు నవ్వారు. "జూన్ ఒక్క నెలే కదా. ఒక నెలకు ఒక జీతం."

బుల్లెమ్మ కూర్చోడానికి స్టూలు వెతుక్కుంది.

ఆ సాయంత్రం సూరాయమ్మగారు గుమ్మంలో నిలబడే చెప్పింది. "ఆగస్టు ఇరవై ఒకటిన ఈ వాటాలో ఒక బ్యాంకాయన సామాను దింపుతాడు. ఇరవై సాయంత్రానికి రెండు నెలల అద్దె ఇస్తే ఉండు, లేకపోతే తాళం ఇయ్యి. నా గోడమీది క్యాలెండరు లెక్కమ్మా, మీ సారుది కాదు."

పద్దెనిమిదో తారీఖుకు నూకరత్నం గిన్నెలు గోనెసంచిలో సర్దడం మొదలుపెట్టింది. చిట్టబ్బాయి తన పెద్ద గంటెలూ, జల్లిగరిటెలూ ఒకచోట కట్ట కడుతున్నాడు. పదమూడు వేలు వచ్చినా అప్పులకే చాలవని ఇద్దరికీ తెలుసు.

"ఒక నెలకు ఒక జీతం అన్నాడా?" అన్నాడు చిట్టబ్బాయి ఉన్నట్టుండి. "కిందటేడు ఆ మిల్లు ఓనరు పెళ్ళిలో నాకూ ఇలాగే చెప్పారు. ఒక్క రోజు వంటకు మాట్లాడుకున్నారా? మగపెళ్ళివారు అలిగి, ముహూర్తం మార్చి, మమ్మల్ని మూడు రోజులు పొయ్యి దగ్గర నిలబెట్టారు. చివరికి 'పెళ్ళి ఒకటే కదయ్యా, కూలి ఒకటే' అన్నాడు పెళ్ళికూతురి బాబాయి."

"నువ్వేవన్నావు?"

"ఏవంటాను? పెళ్ళి ఒకటేనండి, పొయ్యి మూడుసార్లు వెలిగించాం. మాట్లాడుకున్న రోజుకి మామూలు కూలి, పైరోజులకి రెట్టింపు. వంటవాళ్ళ ఆనవాయితీ అదేనన్నాను. సాంబారు గుండిగ మీద మూత తియ్యకుండా కూచున్నాం. ఇచ్చాడు."

నూకరత్నం చేతిలోని గ్లాసు సంచిలోకి వెళ్ళలేదు. పైరోజులకి రెట్టింపు. ఆ మాట ఆమె ఈమధ్యే ఎక్కడో చదివింది. ఎక్కడ?

మర్నాడు షెడ్డులోకి అడుగుపెట్టగానే కనిపించింది. రేకులు కారుతున్నాయని బెల్లం పెట్టెల మీద కప్పిన బ్యానరు. సకాల వేతన సంవత్సరానికి వాళ్ళ జూన్ జీతంతో అచ్చేయించిన బ్యానరే. మీద పావురాల రెట్టలు పోగా మిగిలిన అక్షరాలు: 'నిర్ణీత పనిదినములకు మించి చేసిన పనికి రెట్టింపు వేతనము. ఇది నీ హక్కు! అడుగు!'

ఆమె వసారాలో పట్టీ పరిచి, మోకాళ్ళ మీద ఈ చివరినుంచి ఆ చివరికి లెక్కపెట్టుకుంటూ వెళ్ళింది. ఆదివారాలు వదిలేసింది. రెండోసారి, మూడోసారి లెక్కపెట్టింది. ఆ రోజంతా రాసి, మర్నాడు పొద్దున నలభై రెండు కాగితాల కట్ట పట్టుకుని గడప దాటి ఆగస్టులోకి అడుగుపెట్టింది.

"ఏమిటమ్మా ఇది?" అన్నారు విశ్వపతిగారు.

"జూన్ నెల ఓవర్‌టైము బిల్లండి. నెలకు ఇరవై ఆరు పనిదినాలని మా నియామకపు కాగితంలో ఉందండి. ఈ జూన్‌లో ఇవాళ్టికి డెబ్భై పనిదినాలయ్యాయి. నలభై నాలుగు రోజులు అదనం. రోజుకు అయిదొందలు. రెట్టింపు వెయ్యి. మనిషికి నలభై నాలుగు వేలండి. జీతం పదమూడు వేలు కాకుండా."

లింగమూర్తిగారి కాలిక్యులేటరు చప్పుడు చేసింది. ఆగి, మళ్ళీ చేసింది.

"మొత్తం ఇరవై మూడు లక్షల తొంభై నాలుగు వేలు సార్."

"అసంగతం!" విశ్వపతిగారి గొంతు మొదటిసారి పెరిగింది. "అది ఓవర్‌టైము కాదు. అది జూలై, ఆగస్టు."

"ఈ ఆవరణలో జూలై అమల్లో లేదండి," అంది నూకరత్నం వినయంగా. "ఇన్‌స్పెక్టరుగారే చెప్పారండి. ఆలస్యం లేదని పుస్తకంలోనూ రాశారు కదండీ."

"ఆ పట్టీ ఏది? తెప్పించండి. అందులో తప్పులుండవచ్చు. పునఃపరిశీలించి, అవసరమైతే..."

"నకలు రాజధానిలో ఉంది సార్," అన్నారు లింగమూర్తిగారు నీరసంగా. "డాలు కోసం. ప్రతిరోజు కిందా 'సరిచూడబడినది' అని తమ సంతకం ఉంది."

విశ్వపతిగారు కుర్చీలో వెనక్కి వాలారు. "నలభై నాలుగంటే ఇవాళ్టితో కలిపా?"

"కలిపేనండి. సాయంత్రం దాటితే రేపటిది ఇంకో నలభై రెండు వేలు," అంది నూకరత్నం. "తొందరేం లేదండి. మాకు జూన్ అలవాటైపోయింది."

విశ్వపతిగారు బిల్లుల కట్టను పక్కకు తోశారు.

"లింగమూర్తిగారూ, ప్రత్యామ్నాయాలు చెప్పండి."

"మొదటిది, జూన్ కొనసాగించడం. రోజుకు నలభై రెండు వేలు సార్. రెండోది, జూన్‌ను ఇవాళ ముగించడం. ఇరవై నాలుగు లక్షలకు ఆరు వేలు తక్కువ. మూడోది..." ఆయన సంకోచించారు. "జూన్ ముప్పైతోనూ, జూలై ముప్పై ఒకటితోనూ ముగిశాయని ఒప్పుకుని రెండు నెలల జీతాలు ఇచ్చెయ్యడం. పది లక్షల తొంభై రెండు వేలు. నిధులు బ్యాంకులో ఉన్నాయి. డాలు మాత్రం పోతుంది."

"అంటే అన్నిటికన్నా చవక ఏది?"

"జీతాలు ఇవ్వడమే సార్."

విశ్వపతిగారు నిజంగా ఆశ్చర్యపోయారు. "మరి ఇన్నాళ్ళూ ఆ సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"ఆ ప్రతిపాదన ఎవరూ ఫైల్లో పెట్టలేదు సార్."

మధ్యాహ్నం మూడింటికి షెడ్డులో ఒక ఫోను టింగుమంది. తర్వాత ఇంకోటి. తర్వాత వాన పట్టుకున్నట్టు నలభై రెండూ మోగాయి. బుల్లెమ్మ తన ఫోను నూకరత్నం చేతికిచ్చి అంకె పైకి చదవమంది. చదివాక ఇంకోసారి చదవమంది. అప్పుడు లేచి వసారాలోకి వెళ్ళి, నోటీసు బోర్డు మీద కొత్త సర్క్యులర్ చూపించి అదీ చదవమంది.

"జూన్ మాసము గత జూన్ ముప్పైనే ముగిసినదని ఇందుమూలముగా గుర్తించడమైనది. ఇట్టి ముగింపును ఆలస్యముగా పరిగణించరాదు."

"పోన్లే, సారు కొంచెం కిందికొచ్చాడు," అంది బుల్లెమ్మ. "నా జ్వరానికి జూలై సెలవొకటి రాసెయ్యవే."

సాయంత్రం ఇంటిముందు చిట్టబ్బాయి అప్పటికే సంచులు గుమ్మంలోకి చేరవేశాడు. నూకరత్నం వాటిని దాటుకుని సూరాయమ్మగారి వాకిట్లోకి వెళ్ళి, జూలై అద్దె, ఆగస్టు అద్దె విడివిడిగా ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ నోట్లు లెక్కపెట్టి, రొంటిన దోపుకుని, మళ్ళీ చెయ్యి చాపింది.

"మూడోది?"

"మూడోదేంటి పిన్నిగారూ?"

"సెప్టెంబరు అద్దె."

"ఇవాళ ఆగస్టు ఇరవయ్యే కదండీ."

"మీ ఆఫీసులోనేమో. మా ఇంట్లో ఆగస్టు నిన్నటితో అయిపోయింది," అంది సూరాయమ్మగారు తాపీగా. "నెల ఎప్పుడయిపోవాలో యజమాని ఇష్టమని నువ్వే కదమ్మా చెప్పావు. మీవాళ్ళు సాగదీస్తే లేంది, నేను కుదిస్తే తప్పా? ఇయ్యి. ఆ బ్యాంకాయన మూడు నెలలది ముందే ఇస్తానంటున్నాడు."

గుమ్మంలో చిట్టబ్బాయి గంటెల కట్ట భుజానెత్తుకుని ఎటు వెళ్ళాలో తెలీక నిలబడ్డాడు. నూకరత్నం ఒక్క క్షణం ఆవిడ చాపిన చేతివైపు చూసింది. తర్వాత మెల్లగా మెట్టుమీద కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుంది.

"సరే పిన్నిగారూ. మీ మాటే ఖాయం. ఆగస్టు అయిపోయింది. అయితే ఇవాళ సెప్టెంబరు ఒకటి కదా?"

"ఒకటే."

"నెల ముగిశాక ఏడు రోజుల గడువుంటుందండి. చట్టం. ఏడో తారీఖుకి ఇస్తాను. ఈ సెప్టెంబర్లో ఏడో తారీఖు ఎప్పుడొస్తుందో మాత్రం మీరు రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. మూడు వాటాలవాళ్ళకీ తలా ఒక నకలు కావాలి. నేను పట్టీ తయారుచేస్తాను. రోజూ పొద్దున్నే మీరు మూడు చోట్లా సంతకం పెట్టాలి, సాయంత్రం 'సరిచూడబడినది' అని ఇంకోటి."

సూరాయమ్మగారు చాపిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. లోపలికి వెళ్ళి, బావి చేద తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది.

"ఒద్దులేవే తల్లీ. మామూలు ఆగస్టే ఉండనీ."